మారేడుమిల్లి దాకా మా పాల సైకిలు

మా పాల బాబాయి పోయాడు. పోయిన గురువారం పొద్దున్న టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానన్నాడట. మళ్ళీ లేవలేదు. వాళ్ళబ్బాయి ఫోన్ చేసేసరికి నేను ఎనిమిదో తరగతిలో పాఠం చెబుతున్నాను. చేతిలో చాక్‌పీసుతోనే వరండాలోకి వచ్చి ఏడ్చేశాను. ఆయన మాకు చుట్టం కాదు. నేను పుట్టకముందు నుంచీ మా ఇంటికి పాలు పోసిన మనిషి.

అయినా ఏడుస్తూ రాయాలని లేదు. ఆయన గెలిచిన రోజొకటుంది. దాన్ని దగ్గరుండి చూసినవాణ్ణి, చెప్పకుండా ఎలా ఊరుకుంటాను?

మాది ఆత్రేయపురం పక్కన కాలవగట్టు మీది ఊరు. నలభై ఏళ్ళు ఆయన సైకిలుకి అటో క్యాను, ఇటో క్యాను తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఒక ఇంటికి ఎడం క్యానులోంచి పోస్తే పక్కింటికి కుడి క్యానులోంచి పోసేవాడు. ఎందుకని అడిగితే, "ఒక పక్కే ఖాళీ అయితే సైకిలు అలుగుద్దిరా" అనేవాడు. స్టాండు వెయ్యడం మాత్రం ఎప్పుడూ చూళ్ళేదు. సైకిలుని నడుముకి ఆనించుకునే పాలు కొలిచేవాడు. ఆయన తిరిగే వరసలో ఆఖరి ఇల్లు మాది. అక్కడైనా కూర్చుని కాఫీ తాగమంటే, "గేదెలు చూత్తుంటాయమ్మా" అని మా అమ్మకి చెప్పి వెళ్ళిపోయేవాడు.

తర్వాత ఊళ్ళోకి పాల ప్యాకెట్లు వచ్చాయి. ఒక్కో ఇల్లూ మానేసింది. గేదెల్ని అమ్మేశారు. సైకిలు గోడకి చేరింది. పాత ఇనుముకి వేసేద్దామని వాళ్ళబ్బాయి రోజూ సతాయించేవాడు.

సరిగ్గా అప్పుడే నేనూ, మా ఊరి లైన్‌మనూ, మా బళ్ళో సైన్సు మాస్టారూ షుగరుకి భయపడి గేర్ల సైకిళ్ళు కొన్నాం. నాలుగు నెలలు కాలవగట్టు మీద తొక్కేసరికి మాకు కళ్ళు నెత్తికెక్కాయి. సామాను కట్టుకుని మారేడుమిల్లి కొండల్లోకి పోదామని తీర్మానించాం. ఆ సంగతి తెలిసి బాబాయి వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"నేనూ వత్తానబ్బాయ్."

"దేని మీద?"

"నా సైకిలు లేదేంటి?"

నేను నవ్వాను. ఆ నవ్వుకి ఇప్పటికీ సిగ్గుపడతాను. "అది కొండదారి బాబాయ్. నీకు అరవయ్యెనిమిది. దానికి గేర్లు లేవు."

"మనూళ్ళో ఎత్తంటే కాలవ వంతెనే. అంతకుమించి ఎత్తు చూళ్ళేదు నేను. నీళ్ళు నా క్యాన్లలో పొయ్యండి, బియ్యం, గిన్నెలు వెనక కట్టండి. పైదాకా మోసుకెళ్ళిందా, సైకిలు ఇంట్లో ఉంటది. మోయలేదా, తిరిగొచ్చాక పాత ఇనుముకి నేనే ఇచ్చేత్తాను."

ఆయన నవ్వడం లేదు.

గోకవరంలో మాస్టారి అత్తారింట్లో పడుకుని తెల్లవారగానే బయల్దేరాం. రంపచోడవరం వరకూ మమ్మల్ని పట్టుకునేవాడు లేడు. అది దాటి ఎత్తు మొదలయ్యాక మా తెలివి బయటపడింది. చదును నేల మీద బరువు ఎక్కడ పెట్టినా సైకిలు పోతుంది కదా, సామానంతా వెనక క్యారియరు మీద గడ్డిమేటులా పేర్చుకున్నాం. ఎత్తులో ముందు చక్రం గాల్లోకి లేచింది. రోజూ స్తంభాలెక్కే లైన్‌మన్ రోడ్డెక్కలేక వెల్లకిలా పడబోయాడు.

"ఏంటండీ లైన్‌మన్‌గారూ, బరువంతా దాని నెత్తికెత్తారేంటి? దించండి, దించండి" అంటూ బాబాయి కొబ్బరితాడు తీశాడు. సంచులన్నీ విప్పి, చేత్తో తూచి, అటూ ఇటూ సమానంగా చక్రాల పక్కకి వేలాడదీశాడు. కొంత బరువు ముందుకీ పంచాడు. సైకిళ్ళు బుద్ధిగా నడిచాయి.

ఆయన మాత్రం ఎత్తులో తొక్కలేదు, తోశాడు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి సీటు మీద. మేము గేర్లు మార్చుకుంటూ ఆయన్ని దాటిపోయి, మలుపు మలుపుకీ ఆగి రొప్పేవాళ్ళం. ఆయన ఆగకుండా మమ్మల్ని దాటిపోయేవాడు. ప్రతి మలుపు దగ్గరా ఏదో గొణుక్కుంటున్నాడు. పక్కకి వెళ్ళి విన్నాను. "ఇది చర్చి వెనకిల్లు. ఇది టైలరుగారిల్లు." ఆయన తన పాల వరస తిరుగుతున్నాడు!

ఆఖరి ఎత్తులో ఆయన పిక్కలు వణకడం చూశాను. వెనక నుంచి వచ్చిన జీపు ఆగింది. "ఎక్కు తాతా, సైకిలు పైన కట్టేత్తాను" అన్నాడు డ్రైవరు. నాకు భయమేసింది. "ఎక్కు బాబాయ్, నీకు దణ్ణం పెడతాను. ఎవరికీ చెప్పం."

ఆయన సైకిలు వంక చూశాడు. "దానికి తెలుసు కదరా" అన్నాడు.

ఎడం క్యానులోంచి గ్లాసుడు నీళ్ళు తాను తాగి, కుడి క్యానులోంచి నాకో గ్లాసు పోశాడు. మళ్ళీ తోశాడు. మా ముగ్గురికీ సిగ్గేసింది, ఇంకెక్కడా ఆగలేదు. ఎత్తు అయిపోయి మారేడుమిల్లి కొట్లు కనిపించగానే ఆయన వెనక్కి తిరిగి కేకేశాడు. "అబ్బాయ్! మీ ఇల్లొచ్చేసిందిరా!"

సైకిలుకి స్టాండు వేశాడు. ఆయన స్టాండు వెయ్యడం నా జన్మలో చూడ్డం అదే మొదటిసారి. లైన్‌మన్ ఆయన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పేశాడు. టీకొట్టు వాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారు.

నిన్న వాళ్ళబ్బాయి దగ్గరికి వెళ్ళాను. సైకిలు నడవలో ఉంది, శుభ్రంగా తుడిచి ఉంది. "దీన్ని ఎవరికీ ఇవ్వనండి" అన్నాడు. దాన్ని చూస్తుంటే మర్నాటి పొద్దున్న తిరుగుదారి గుర్తొచ్చింది. మా ఊరి చదును నేల మీద తొక్కకుండా జానెడు దూరం కూడా కదలదు సైకిలు. ఆ పల్లంలో ఆయన కింద అది దానంతటదే కదిలింది. ఎవరో తోస్తున్నారేమోనని మొదట వెనక్కి చూశాడు. తర్వాత కాళ్ళవైపు చూసుకున్నాడు. బ్రేకు, బ్రేకు అని మేం అరుస్తూనే ఉన్నాం. ఆయన రెండు కాళ్ళూ బారుగా చాపేశాడు. క్యాన్లు గలగలమంటున్నాయి, పంచె గాలికి ఎగురుతోంది.

"అబ్బాయ్, తొక్కకుండానే పోతందిరా!"