కాలు తీయనివ్వని డాక్టర్ యేసుపాదం గారు

డాక్టర్ యేసుపాదం గారు ఇక లేరు. మొన్న ఉదయం రేపల్లెలోని స్వగృహంలో గుండెపోటుతో కన్నుమూశారని వాళ్లమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను బాపట్లలో రోగులను చూస్తున్నాను. వెంటనే బయల్దేరాను. దారి పొడవునా దుఃఖమే. రేపల్లె చేరేసరికి ఆ దుఃఖానికి ఆగ్రహం తోడైంది. ఆయన్ను వెళ్లగొట్టిన తెనాలి ఆసుపత్రివారు వీధి మలుపులో 'మా ఆసుపత్రికి గర్వకారణం' అంటూ ఫ్లెక్సీ కట్టించారు. ఆయన బతికుండగా ఆ గర్వం ఎక్కడికి పోయిందో పదిమందికీ తెలియాలి.

ఎముకల శస్త్రచికిత్సలో ఆయన నాకు గురువు. ఎముకలో చీము పట్టినవారికి మాత్రలు మార్చి మార్చి ఇవ్వడం, చివరికి అవయవం తీసేయడం ఆయన సహించలేకపోయేవారు. "చచ్చిన ఎముకలోకి రక్తమే వెళ్లదు. ఇక మాత్ర ఎలా వెళ్తుందమ్మా?" అని నన్నడిగేవారు. చెడిన ఎముకను చెక్కేసి, ఆ గుంటలో యాంటీబయాటిక్ కలిపిన జిప్సం గుళికలు నింపేవారు. అవి వారాల తరబడి మందును అక్కడికక్కడే వదులుతూ మెల్లగా ఒంట్లో కరిగిపోతాయి. పాత పద్ధతిలో వాడే, కరగని సిమెంటు గుళికలనైతే తీయడానికి మళ్లీ కోయాలి.

దుగ్గిరాల పసుపు యార్డులో కూలిపని చేసే నాగేంద్రమ్మ కాలు లారీ మీది బస్తా పడి విరిగింది. ఏళ్ల తరబడి చీము కారుతోంది. చూసిన ప్రతి వైద్యుడూ కాలు తీసేయమన్నాడు. ఆవిడ ఏడవలేదు. "కాలు లేకపోతే నన్ను పనికెవరు పిలుస్తారండి?" అని మాత్రం సార్‌ను అడిగింది. ఆయన తెనాలి ఆసుపత్రిలోనే ఆపరేషన్ చేశారు. నేను పక్కన నిలబడి సాయం చేశాను.

కొద్దిరోజులకు కుట్లలోంచి తెల్లటి నీరు కారింది. గుళికలు కరిగేటప్పుడు కొందరికి అలా కారి, దానంతటదే ఆగుతుంది. ఆ సంగతి ఆయన యాజమాన్యానికి ముందే చెప్పారు. ఆ నీటిలో సూక్ష్మక్రిములు లేవని పరీక్షలోనూ తేలింది. అయినా చీము తిరగబెట్టిందని వాళ్లే తీర్పు చెప్పి, సార్ లేని పూట నాగేంద్రమ్మ భర్త చేత సంతకం పెట్టించి, కాలు తీయడానికి సిద్ధమయ్యారు. నేను ఫోన్ చేస్తే సార్ వచ్చి ఆపరేషన్ గది తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. గొంతు పెంచలేదు. "పుండు మానడానికి టైమివ్వండి. మీకు తొందరగా ఉందని ఆవిడ కాలు తీస్తారా?" అన్నారు.

కాలు నిలిచింది. ఆయన ఉద్యోగం నిలవలేదు. క్రమశిక్షణ తప్పారని పంపేశారు. పుండు మాని, నాగేంద్రమ్మ తన కాళ్ల మీద నడిచివెళ్లి చూపించినా ఆ నింద వెనక్కి తీసుకోలేదు. పైగా ఆ చికిత్సనే ఆపేశారు. ఆ తర్వాత అక్కడ నిష్కారణంగా ఎవరెవరి కాళ్లు పోయాయోనని తలచుకుంటే నాకు రక్తం మరుగుతుంది.

ఆయన రేపల్లెలో చిన్న క్లినిక్ పెట్టుకున్నారు. చుట్టుపక్కల పెనుమూడి, నగరం అనే ఊళ్ల నుంచి వచ్చే రోగులకు ఆపరేషన్ అవసరమైతే బాపట్లకు తీసుకొచ్చి నాతో కలిసి చేసేవారు. కోర్టుకు వెళ్దామని నేనెంత పట్టుబట్టినా ఒప్పుకోలేదు. "నా పరువు సంగతి తర్వాత. ముందు అక్కడ ఆ చికిత్స మళ్లీ మొదలవ్వాలి" అనేవారు. ఆ శాంతం నాకు అబ్బలేదు. అబ్బాలని కూడా లేదు.

సమాధి దగ్గర ఆ ఆసుపత్రి డైరెక్టరు నా పక్కకు వచ్చి, సంతాపసభలో శిష్యురాలిగా మాట్లాడమన్నారు. చికిత్సను పునరుద్ధరిస్తున్నట్టు ఆ సభలోనే ప్రకటిస్తే వస్తానన్నాను.

"అవన్నీ ఇప్పుడెందుకండి? పోయినాయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పండి, చాలు."

నేను ఆ సభకు వెళ్లను.

గురువర్యా, మీ పాదాలకు ప్రణామం. మీ స్థానం భర్తీ చేయగలవారు నాకు కనుచూపుమేరలో లేరు. తెనాలిలో తీసేయాలని రాసిచ్చిన ఒక కాలికి రేపు బాపట్లలో ఆపరేషన్ చేస్తున్నాను. మీరు పక్కన లేకుండా ఈ చికిత్స చేయడం ఇదే మొదటిసారి.