నీలం పుప్పొడి ఎక్కడిది?

2023 యాసంగిలో నా తేనె పెట్టెలు కొడకండ్ల దగ్గర ఒక పొద్దుతిరుగుడు చేని గట్టున ఉన్నాయి. మాది మానుకోట. పూత ఎక్కడుంటే అక్కడికి పెట్టెలు ఎత్తుకుపోవడమే మా పని. ఆ ఏడు పొద్దుతిరుగుడు పూత తొందరగా అయిపోయింది. మేత లేకపోతే ఈగలు నిలవవు. నాకు కంటి మీద కునుకు లేదు.

ఒక ఉదయం చూస్తే, తిరిగొస్తున్న ఈగల కాళ్లకు నీలం ముద్దలు. ఈగలు మోసుకొచ్చే పుప్పొడిని మేం పోలెన్ అంటాం. పసుపుది చూశాను, నారింజ, తెలుపు చూశాను. నీలం ఎన్నడూ చూడలేదు. విత్తనాలకు పట్టించే మందులో రంగు కలుపుతారు. ఈగలు ఆ మందు మీద వాలాయేమో అనుకున్నాను. అదే నిజమైతే పెట్టెలన్నీ ఖాళీ అయినట్టే.

ఈగలు వస్తున్న దిక్కు పట్టుకుని చేలమ్మట నడిచాను. వరి, మక్క, మిర్చి. నీలం జాడ లేదు. మధ్యాహ్నం దాటాక ఒక తండా పక్కన మోకాలెత్తు సన్నటి పైరు కనబడింది. పూత లేదు. చేనుగల మంగ్లి అక్క గట్టున కూర్చుని మందు కొట్టే పంపు కడుగుతోంది.

"అక్కా, గిదేం పంట?"

"అవిసెలు, నూనె గింజలు. మా ఆడబిడ్డ మహారాష్ట్రకెల్లి ఇత్తనాలు తెచ్చిచ్చింది."

"పూత లేదా?"

"ఉన్నది. గిప్పుడొస్తే ఏం కనబడ్తది భాయ్? పొద్దుగాల రా."

మర్నాడు తెల్లవారగానే వెళ్లి గట్టు మీదే ఆగిపోయాను. బట్టలకు పెట్టే నీలిమందు నీళ్లు చేనంతా పారించినట్టుంది. చిన్న చిన్న పూలు, ప్రతి పువ్వులో నా ఈగలు. ఇన్నేళ్లు పూలెంబడి తిరిగినవాణ్ని, ఇలాంటి చేను చూడలేదు.

అంతలో మంగ్లి అక్క పంపు వీపుకెత్తుకుని వచ్చింది.

"జర ఆగు అక్కా! గిప్పుడు కొడితే నా ఈగలు ఒక్కటి మిగలవు."

"నీ ఈగల కోసం నా పంట పురుగుల పాలు చేసుకోవాల్నా?"

ఆమె మాటా నిజమే. మధ్యాహ్నం దాకా చూడమని బతిమాలాను. ఎండ ముదిరేకొద్దీ రేకులు రాలడం మొదలైంది. చేను మళ్లీ పచ్చబడింది. ఈగలు ఇంటిదారి పట్టాయి.

"పొద్దు గూకేటప్పుడు కొట్టు అక్కా. రేపు పూసేటియి కొత్త పూలే గద."

"గప్పుడు నాకు మేకల పనుంటది. నీ ఈగల మీద గంత పాయిరముంటే నువ్వే కొట్టు."

కొట్టాను. భుజాలు పడిపోయాయి. మేకలు తోలుకొచ్చిన అక్క గట్టు మీద నిలబడి "గా మూల ఇడిసిపెట్టినవ్" అని అరుస్తూనే ఉంది. మందు ఘాటు తగ్గేదాకా ఈగలు అటు పోకుండా మర్నాడు పొద్దంతా పెట్టెల తలుపులు మూసే ఉంచాను. ఆ తరువాతి ఉదయం తెరిస్తే, ఈగలు తిన్నగా అవిసె చేనుకే పోయాయి.

కొన్నాళ్లకు ఆమే పెట్టెల దగ్గరికి వచ్చింది. ఒక ఫ్రేమ్, అంటే తుట్టె కట్టే చెక్క చట్రం, పైకి తీసి చూపించాను. పిల్ల ఈగల కోసం పోలెన్ దాచిన గదులన్నీ నీలంగా ఉన్నాయి. ఆమె కొంగు సర్దుకుని దగ్గరికి వంగి చూసింది.

"గిది నా చేనే గద భాయ్!" అంది మెల్లగా.

అప్పట్నుంచి ఏ కొత్త ఊరికి పోయినా, పొద్దున్నే ఒకసారి చూడకుండా అక్కడ పూత లేదని అనను.