ఎడమకి తిరగని హ్యాండిల్

1984 వేసవిలో నేను షామ్‌బర్గ్ అనే అమెరికా ఊరి దగ్గర ఒక టెస్టింగ్ కంపెనీలో ఇంజినీరుగా పనిచేస్తున్నాను. బాపట్ల నుంచి వచ్చి అప్పటికి ఐదేళ్లు. ఇంకా మార్కెట్లోకి రాని వాహనాలను తయారీదార్లు మా దగ్గరికి పంపేవారు. వాటిని నడిపి, కుదిపి, ఎక్కడ విరుగుతాయో చెప్పడం మా పని. ఆ ఏడు వచ్చింది ఒక పెద్ద మోటార్‌సైకిల్. హైవే మీద రోజంతా పరిగెత్తాలి, తారు అయిపోయిన చోట మట్టిదారిలోకీ దిగాలి. ఇప్పుడు అడ్వెంచర్ బైక్ అంటున్నారే, ఆ రకం.

దాన్ని నడిపింది రే. నలభై ఎనిమిదేళ్ల మనిషి, ఇరవై రెండేళ్లుగా టెస్ట్ రైడర్. పెద్దగా మాట్లాడడు. బండి దిగి హెల్మెట్ తీస్తూ "వెనక చక్రం కొంచెం బద్ధకంగా ఉంది" అని ఒక్క మాట అనేవాడు. నా పరికరాలు గంటసేపు లెక్కలు కట్టి అదే మాట చెప్పేవి.

ఆ పరికరాలు బిగించడం నా బాధ్యత. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే రెండు గొట్టాలను ఫోర్క్ అంటారు. గుంటలో పడ్డప్పుడు అది లోపలికి కుంగి, మళ్లీ సాగుతుంది. దాని మీద స్ట్రెయిన్ గేజ్‌లు అంటించాను. తపాలా బిళ్లకన్నా చిన్న రేకులవి. లోహం వెంట్రుకవాసి సాగినా పసిగడతాయి. వాటి నుంచి ఒక వైరు సీటు వెనక పెట్టెలో ఉన్న టేప్ రికార్డర్‌కి వెళ్తుంది. ఫోర్క్ సాగినప్పుడు తెగకూడదని ఆ వైరును కాస్త వదులుగా వదిలాను.

రెండు రోజులు హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. మూడో రోజు విస్కాన్సిన్ వైపు అడవిలో మట్టిదారి. రే ముందు, నేను వెనక వ్యాన్‌లో. బండి అంత బరువుదైనా రే నిలబడి నడుపుతుంటే తేలిగ్గా పోతోంది. ఒక పల్లం వచ్చింది, దాని అడుగున ఎడమకి మలుపు. రే పల్లంలోకి దిగాడు. బండి మాత్రం మలుపు తిరగలేదు. బ్రేక్ పడలేదు, చక్రం జారలేదు. తిన్నగా పొదల్లోకి దూసుకుపోయి పక్కకి ఒరిగింది.

పరిగెత్తాను. రే భుజం పట్టుకుని కూర్చుని ఉన్నాడు. కాలర్ బోన్ విరిగింది. నొప్పి గురించి ఒక్క ముక్క అనలేదు.

"తిప్పాను శామ్. తిప్పాననే అనుకున్నాను. నా చేతులు నా మాట వినలేదు."

వర్క్‌షాప్‌లో బండిని స్టాండ్ మీద ఎత్తి హ్యాండిల్ రెండు వైపులా తిప్పి చూశాం. వెన్నలా తిరిగింది. మా మేనేజర్ డెన్నిస్ భుజాలెగరేసి, "బండిలో ఏమీ లేదు. అయితే రైడర్‌దే పొరపాటు" అన్నాడు. అదే మాట రిపోర్టులో రాశాం. రే దాని మీద ఎడమచేత్తో సంతకం చేశాడు. కింద ఇంజినీరుగా నేనూ చేశాను.

ప్రమాదం జరిగిన ఐదో రోజు టేప్‌ను గ్రాఫ్ కాగితం మీదకి ఎక్కిస్తూ కూర్చున్నాను. పల్లం దగ్గర గీత ఒక్క క్షణం సున్నాకి పడి మళ్లీ లేచింది. అలాంటివి మామూలే. పట్టించుకోనక్కర్లేని గీత అన్న అర్థంలో పెన్సిల్‌తో "నాయిస్" అని రాశాను కూడా. రాశాక చెయ్యి ఆగింది. గీత పడింది బండి పడకముందే. పడకముందు నా వైరుకి ఏమైంది?

వర్క్‌షాప్‌కి వెళ్లాను. పల్లంలో కుంగినట్టు ఫోర్క్‌ను బెల్టులతో పూర్తిగా కిందికి బిగించి, హ్యాండిల్ ఎడమకి తిప్పాను. సగంలో ఆగిపోయింది. రెండు చేతులా తోశాను. కదల్లేదు. వంగి చూస్తే, నేను వదులుగా వదిలిన వైరు పైకి ఉబ్బి ఉంది. దాని మధ్యలో రెండు ముక్కల్ని కలిపే బొటనవేలంత కనెక్టర్, హ్యాండిల్‌ను బిగించి ఉంచే క్లాంప్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య ఇరుక్కుంది. బెల్టు విప్పగానే జారి దాని చోటికి అది వెళ్లిపోయింది, ఏమీ ఎరగనట్టు.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. బండిని చూడలేకపోయాను. ఒక మనిషిని నా చేతులతో పొదల్లోకి తోసి, పైగా తప్పు అతనిదేనని సంతకం పెట్టాను.

సాయంత్రం ఇంట్లో మా ఆవిడ సుగుణకి చెప్పాను. మా గ్రీన్ కార్డ్ కాగితాలు ఆ కంపెనీ చేతిలోనే ఉన్నాయి.

"రే గారికి చెప్పారా?" అంది.

"ముందు డెన్నిస్‌కి రిపోర్ట్ చేయాలి కదా."

"దెబ్బ తగిలింది డెన్నిస్‌కి కాదండీ. రే గారికి ముందు చెప్పండి. ఆఫీస్ సంగతి తర్వాత."

"జాబ్ పోతే?"

"పోతే ఇంకోటి అప్లై చేద్దురుగాని. ముందు వెళ్లి రండి."

మర్నాడు పొద్దున్నే రే ఇంటికి వెళ్లాను. చెయ్యి గుడ్డతో మెడకి కట్టుకుని గరాజ్ ముందు నిలబడి ఉన్నాడు. నిలబడే అంతా చెప్పాను. వింటున్నంతసేపూ నా మొహంలోకే చూశాడు.

"సంతకం పెట్టేటప్పుడు నీకు అనుమానం రాలేదా?"

"రాలేదు. బండిని అనుమానించాను, నిన్ను అనుమానించాను. నా వైరు గుర్తుకే రాలేదు."

రే గరాజ్ వైపు తిరిగాడు. లోపల ఖాళీగా ఉంది.

"నా సొంత బండి మొన్న మా తమ్ముడికి ఇచ్చేశాను. చేతులు పోయాయనుకున్నా. ఐదు రోజులు శామ్, నేను ముసలివాణ్ణయిపోయానని నమ్మాను."

తిడితే బాగుండుననిపించింది. అతను తిట్టలేదు, లోపలికి రమ్మనీ అనలేదు.

అక్కణ్ణుంచి ఆఫీసుకెళ్లి చెబితే డెన్నిస్ అరిచాడు. రిపోర్టు వెనక్కి తీసుకుని, తప్పు ఎవరిదో తయారీదారుకి రాతపూర్వకంగా చెప్పాం. ఉద్యోగం పోలేదు గాని, కొన్ని నెలలు నన్ను వాహనాల దగ్గరికి రానివ్వలేదు.

ఆకులు రాలే రోజుల్లో రే తిరిగొచ్చాడు. అదే బండి, కొత్తగా కట్టిన వైర్లు. అన్నీ సరిచూసి ఇచ్చాను. అతను ఎక్కలేదు. ముందు చక్రం మీద తన బరువంతా మోపి ఫోర్క్ కుంగదీసి, హ్యాండిల్ ఎడమకీ కుడికీ చివరిదాకా తిప్పి చూసుకున్నాడు. ఆ తర్వాతే ఎక్కాడు. మేం కలిసి పనిచేసిన ఆరేళ్లూ ప్రతి పొద్దునా అలాగే చేశాడు, నేను చూస్తుండగానే. నాకు ఒక్కసారీ చిన్నతనం అనిపించలేదు.

ఆ రోజు నుంచి నేను "రైడర్ పొరపాటు" అనే మాట రాసే ముందు, బండి మీద నేను పెట్టినవన్నీ విప్పి బల్ల మీద పరుస్తాను. మొదట వాటినే అనుమానిస్తాను.