సర్దార్ వేసిన కప్పు

గురజాలలో ఇళ్లకు రేకులు బిగించే సర్దార్ తాను మాత్రం గడ్డి కప్పు కిందే ఉండేవాడు. భార్య బషీరున్నీసా ఇంట్లోనే మిషను మీద బట్టలు కుట్టేది. 1983 ఎండాకాలంలో పక్క వాడ తగలబడినప్పటి నుంచి ఆమెకు కంటినిండా నిద్ర లేదు.

"ఊరందరికీ రేకులేస్తావు. మనకెప్పుడయ్యా?" అని అడుగుతూనే ఉండేది.

ఆ చలికాలం సర్దార్ గడ్డి దించి ఇనప రేకులు వేశాడు. బషీరున్నీసా వీధిలో నిలబడి చాలాసేపు చూసుకుంది. "ఇంక నిప్పురవ్వ పడ్డా భయం లేదక్కా" అంది పక్కింటి కొండమ్మతో.

మే నెలకు రేకులు పెనంలా కాలాయి. కరెంటు ఉన్న కాసేపూ ఫ్యాను వేడిగాలే కొట్టేది.

"మళ్లీ గడ్డి కప్పుకుందాం" అన్నాడు సర్దార్.

"వద్దు. వానలు పడితే అదే సర్దుకుంటది."

ఒక మధ్యాహ్నం అతను దాచేపల్లిలో పని ముగించుకుని వచ్చేసరికి, కొండమ్మ తన వసారాలో బషీరున్నీసా తల తడుపుతోంది.

"మిషను మీదే వాలిపోయింది అబ్బాయ్. పిలిస్తే పలకట్లా."

రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పొద్దు వాలకముందే ఆమె ప్రాణం పోయింది. వడదెబ్బ అన్నారు.

ఆమె పేరిట చదివించే ఫాతెహాలు అయ్యాక సర్దార్ పనికి వెళ్లాడు గానీ, మాట తగ్గిపోయింది. ఒకరోజు నరసరావుపేటలో, ఒక గోడౌను రేకుల మీద మందంగా సున్నం కొట్టి ఉండటం చూశాడు. లోపలికి వెళ్లి నిలబడ్డాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా అక్కడ చల్లగా ఉంది. ఇంటికొచ్చి తన రేకులకూ జిగురు కలిపిన సున్నం కొట్టాడు. వేడి బయటికి పోవడానికి గోడల పైభాగాన కంతలు పెట్టాడు.

మరుసటి మేలో మజ్జిగ తెచ్చిన కొండమ్మ గడపలోనే ఆగింది.

"ఇంత చల్లగుందేంది సర్దారూ?"

"సున్నం అక్కా. ఒక్క బస్తా సున్నం" అన్నాడు. కొండమ్మ మజ్జిగ చెంబు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ ఇంట్లో అతను ఎక్కువ రోజులు ఉండలేకపోయాడు. చల్లగా ఉన్నకొద్దీ ఊపిరాడేది కాదు. తాళం వేసి, మసీదు పక్కన చిన్న గదిలోకి మారాడు. సెలవులయ్యాక కూడా ఎండలు తగ్గని ఆ జూన్‌లోనే ఊళ్లోని రేకుల బడి కప్పు మీదికెక్కి, ఎవరూ అడగకుండానే సున్నం కొట్టాడు. ఎండకు పిల్లల్ని పెందలాడే ఇంటికి పంపేసే ఆనందరావు మాస్టారు, ఫ్యాన్లు లేకపోయినా వాళ్లను మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టగలిగాడు.

"లోపలికి రా సర్దార్, కాసేపు కూర్చో" అని పిలిచాడు.

"పనుంది సార్" అని సర్దార్ నిచ్చెన భుజానికెత్తుకుని ఎండలోకి నడిచాడు.