వంక అవతలి బొందలగడ్డకు దారి

వానలు పడక ముందే వెళ్ళి వచ్చేయాలని నేననుకున్నాను. వానలు నన్ను అడగలేదు. జూన్ చివర్లో ఒక సాయంత్రం హైదరాబాదులో గుంతకల్లు వైపు పోయే రైలెక్కేసరికే ఆదోని చుట్టుపక్కల పదును వానలు పడ్డాయని, కొన్ని ఊళ్ళలో విత్తడం కూడా అయిపోయిందని తెలిసింది. అయినా టికెట్టు తీసుకున్నాక ఆగే మనిషిని కాను.

నేను వెళ్ళింది పని మీదే గానీ అది జీతం వచ్చే పని కాదు. ఇంటర్నెట్‌లో అందరూ కలిసి గీసే పటం ఒకటుంది. దాన్ని ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. పెద్ద రోడ్లు అందులోకి ఎప్పుడో వచ్చేశాయి. ఇంకా రానివి కాలిబాటలు, వంకలు, అంటే అక్కడి వాగులు, దాటే చోట్లు. ఏ వంకను ఎక్కడ దాటవచ్చో గుర్తుపెట్టి ఉంచితే వానాకాలంలో అంబులెన్సు నడిపేవాళ్ళకూ, బడికి నడిచే పిల్లలకూ పనికొస్తుందని మా బృందం నమ్మకం. ఉపగ్రహం తీసిన ఫొటో ముందు పెట్టుకుని ఇంట్లో ఫ్యాను కింద గీతలు గీయడం సులువే. నాకు మాత్రం నడవనిదే గీయబుద్ధి కాదు. అందుకే బృందంలో నాకు చెప్పులరిగే మేడం అని పేరు పడింది.

కింది బెర్తులో ఒక పెద్దాయన ఉన్నారు. రాయచూరు దాటాక లేచి, ముఖం కడుక్కుని, మంత్రాలయం రోడ్డులో దిగడానికి సంచి సర్దుకున్నారు. మఠం దగ్గర పాఠం చెబుతారట. నా పని ఏమిటో అడిగి తెలుసుకుని, దారి తెలిసినవాళ్ళకు పటం అక్కర్లేదు, తెలియనివాళ్ళు అడిగితే చెప్పేవాళ్ళుంటారు, మధ్యలో మీరెందుకమ్మా అన్నారు. మంచి ప్రశ్నే. జవాబు ఆలోచించుకునేలోగా స్టేషను వచ్చింది, ఆయన దిగిపోయారు.

తెల్లవారాక ఆదోనిలో దిగాను. స్టేషను బయట ఒక బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఆదోని వెళ్ళేవాళ్ళు ఇది తినకుండా బస్సెక్కితే ఆ తప్పు నాది కాదు. బజ్జీ ఘాటుకు కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగానే ఎమ్మిగనూరు బస్సు కదిలింది, పరుగెత్తి ఎక్కాను.

నా పక్కన నలభై ఏళ్ళ మనిషి కూర్చుని ఉంది. ఒళ్ళో కొత్త తెల్లగుడ్డ, పొట్లం కట్టిన కొవ్వొత్తులు. పేరు మార్తమ్మ. ఆదోనిలో దూదిమిల్లులో పని, పుట్టిల్లు ఎమ్మిగనూరు అవతల ఒక పల్లె. ఎక్కడికని అడిగితే ఊరికి అని మాత్రం చెప్పింది. ఆమె నన్ను ఏం పని మీద వచ్చావని అడగడమే ఆలస్యం, నేను ఫోను తీసి పటం చూపించి, వంకలని, కాలిబాటలని వాగడం మొదలుపెట్టాను. మీ ఊళ్ళో వంక దాటే చోటు ఎక్కడుందో చెప్పండి, ఇప్పుడే పెడతాను అన్నాను. ఆమె ఫోను తన చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"మా దావ తీసేసింది మీరేనా మేడం?" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె గొంతు పెంచకుండానే చెప్పుకొచ్చింది. ఊరికీ వంకకూ మధ్య ఒక పొలం ఉంది. ఆ పొలంలోంచి కాలిదావ, అంటే కాలిబాట. వంకలో బండలు పరిచినట్టుండే చోట దావ అవతలికి దాటి, వాళ్ళ బొందలగడ్డకు పోతుంది. బొందలగడ్డంటే శ్మశానం. ఆమె నాయన అక్కడే ఉన్నాడు, తాత అక్కడే ఉన్నాడు. నిరుడు ఎవరో ఆసామి ఆ పొలం కొన్నాడు. చుట్టూ కంచె వేశాడు. ఇదేమప్పా అని అడగబోతే ఫోను తీసి, ఇందులో దారి ఎక్కడుందో చూపించమన్నాడు.

"ఈ పొద్దు మా అమ్మని ఆ దావనే తీస్కపోవల్ల. తెల్లారేపొద్దుకు పానం పోయింది" అంది మార్తమ్మ.

ఆ తెల్లగుడ్డ ఎందుకో అప్పుడు తెలిసింది. చచ్చిపోయిన తల్లి దగ్గరికి వెళ్తున్న మనిషిని పట్టుకుని నేను అరగంటగా దారులూ వంకలూ అని ఊదరగొడుతున్నాను. సిగ్గేసింది. పటంలో ఆ చోటుకు వెళ్ళి చూశాను. ఊరు ఉంది, వంక ఉంది, మధ్యలో ఖాళీ. ఫోనులోనే మా బృందం గుంపులో అడిగాను, అక్కడ ఇదివరకు కాలిబాట ఉండేదా అని. ఎమ్మిగనూరు ఇంకా రాకముందే విశాఖపట్నం నుంచి ఒకతను జవాబిచ్చాడు. ఉండేదట. కొత్త ఫొటోలో చూస్తే పొలమంతా శుభ్రంగా సాళ్ళు కనిపించాయట, దారి జాడే లేదట, పాత తప్పు అనుకుని తనే తీసేశాడట. చివర ఒక నవ్వుముఖం కూడా పెట్టాడు. నేను అది రెండుసార్లు చదివాను.

మంచివాడే అతను, నాకు తెలుసు. అతనికి తెలియనిది మార్తమ్మ తర్వాత ఆటోలో చెప్పింది. ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర లాడ్జిలో సంచి పడేసి, నేనూ రావచ్చా అని అడిగాను. రాండి, కండ్లారా సూసి గీయండి అంది. మగ్గాల చప్పుడు వినిపించే రెండు వీధులు దాటి ఆటో నల్లరేగడి పొలాల్లోకి పోయింది. ఆ నేలలో దావను ప్రతి ఏడూ దున్నేస్తారట. దున్నినవాడిని ఎవరూ ఏమీ అనరు. విత్తనం పడ్డాక మళ్ళీ అదే చోట నడుస్తారు, పది పన్నెండు నాళ్ళకు దావ మళ్ళీ పడుతుంది. మార్తమ్మ తల్లి ఆ పొలంలో గొర్రు వెనక విత్తనం వేసే కూలికి పోయేది.

"దావ కాడికొస్తానే మా అమ్మ పిడికిలి మూసేది. ఆ రెండడుగులూ విత్తనం పడకుండా. దాటినాక మళ్ళ తెరిసేది. పాత ఆసామి ఏమీ అనేవోడు గాదు" అంది.

ఉపగ్రహం ఫొటో తీసిన రోజు దున్నిన రోజు అయ్యుంటుంది. పిడికిలి సంగతి ఫొటోలో పడదు కదా. విశాఖపట్నంలో కూర్చున్నవాడు ఏం చేస్తాడు? అయినా నాకు అతని మీద కోపం వస్తూనే ఉంది.

ఊళ్ళోకి వెళ్ళేసరికి ఇంటి ముందు పందిరి కింద పెట్టె ఉంది. మార్తమ్మ తెల్లగుడ్డ తల్లి మీద పరిచి, అప్పుడు ఏడ్చింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఎవరో నాకూ ఒక గ్లాసు టీ ఇచ్చారు. పైన కొండల వైపు ఉదయం గట్టి వాన పడిందని, వంకకు నీళ్ళు వస్తున్నాయని మగవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. పన్నెండు దాటాక పెట్టె ఎత్తారు. నేను ఫోనులో నడక నమోదు చేసే మీట నొక్కి వెనక నడిచాను. ఆ మీట నొక్కితే ఎటు నడిస్తే అటు గీత పడుతుంది.

కంచె దగ్గర ఆసామి నిలబడి ఉన్నాడు. కబురు అందినట్టుంది, ఆదోని నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు. రౌడీలా ఉంటాడనుకున్నాను. బట్టతల, కళ్ళజోడు, చాలా మర్యాద. వచ్చినవాళ్ళకని నీళ్ళ సీసాలు కూడా తెచ్చాడు. పొలం కొనే ముందు దారి ఏమైనా ఉందా అని అమ్మినవాణ్ణి అడిగానని, లేదన్నాడని, ఫోనులో కూడా చూసి కొన్నానని నాతో చెప్పాడు. కంచె పందుల కోసం వేశాడట. నేను నా ఫోను చూపించి, ఇక్కడ దారి ఉండేది, ఇది ఎవరైనా దిద్దగలిగే పటం, మావాళ్ళలో ఒకరు పొరపాటున తీసేశారు, ఇదిగో మీ ఎదురుగానే మళ్ళీ పెడతాను అన్నాను.

"మీరు ఈ పొద్దు గీస్తే నేను కొన్న పొద్దు ఉన్నట్టు అయితాదా మేడం? రేపు నేను గూడ గీయొచ్చు, తుడపొచ్చు అంటాండారు గదా" అన్నాడు.

ఇన్నేళ్ళుగా ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అని గొప్పగా చెప్పుకుంటున్న మాట అది. అతని నోట వింటే నా చెంప మీద కొట్టినట్టయింది. చుట్టూ అంతమంది నిలబడి ఉన్నారు, పెట్టె భుజాల మీద ఉంది, నేను ఫోను దించేశాను.

ఆసామి పెట్టె వైపు చూసి, సరే పాపం, ఈ ఒక్కసారికి తీగ విప్పిస్తాను, పోండి అన్నాడు. మార్తమ్మ తమ్ముడు దానియేలు ముఖం తేటపడింది. పాస్టరుగారు దేవునికి స్తోత్రం అన్నారు. నేనూ ఊపిరి తీసుకున్నాను. మార్తమ్మ మాత్రం కంచె దగ్గరికి వెళ్ళి, తీగ విప్పబోతున్న అతని కూలిమనిషిని ఆగమంది.

"ఈ ఒక్కసారికి అని నువ్వు తీస్తే రేపట్నుంచి అది నీ దయ అయితాది. మా అమ్మ నీ దయ మీద నడవలేదప్పా. తీస్తే ఎప్పటికీ తీయి. ల్యాకపోతే వద్దు."

ఎప్పటికీ తీయడం కుదరదన్నాడు ఆసామి. దానియేలు అక్కను బతిమాలాడు. వంకకు నీళ్ళొస్తున్నాయి, శవాన్ని పెట్టుకుని పంతాలేమిటన్నాడు. నా మనసులో కూడా అదే ఉంది, దాచడమెందుకు. మార్తమ్మ తమ్ముడి వైపు చూడకుండా, వంక ఎవురిదీ గాదు, వంకలో పోదాం అంది. అని ముందుకు నడిచింది. మోసేవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుని ఆమె వెనక తిరిగారు.

రోడ్డెక్కి, రోడ్డు కింద వంక పోయే మోరీ దాకా చాలా దూరం నడిచి, అక్కడ వంకలోకి దిగారు. ఇవతలి గట్టు కంచెలో ఉంది, అవతలి గట్టంతా కంపచెట్లు కమ్ముకుని ఉన్నాయి, అటు నడవడానికి లేదు. వంక గర్భంలోనే ఎగువకు నడవాలి. మొదట ఇసుక, తర్వాత పాదాలు మునిగే నీళ్ళు, తర్వాత మోకాళ్ళు. ఎర్రనీళ్ళు, కింద ఏముందో కనపడదు. ఒక మలుపులో ముందున్న అతను గుంటలో నడుము దాకా దిగిపోయాడు. పెట్టె ఒక పక్కకు ఒరిగింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. దానియేలు నీళ్ళలో దూకి భుజం పెట్టాడు, మిగతావాళ్ళు పెట్టెను తలల మీదికెత్తారు. నేను చెప్పులు పోగొట్టుకున్నాను, ఫోనును నోట కరుచుకున్నాను, ఒక ముసలావిడ నా చెయ్యి వదలకుండా లాక్కుపోయింది. ఒక మనిషిని మట్టి చేయడానికి ఇంతమంది ఇలా నడవాల్సి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. భయపడ్డాను. భయం కంటే ఎక్కువగా నమ్మలేకపోయాను. తల తిప్పితే గట్టు మీద ఆ పొలం కనిపిస్తూనే ఉంది. పొలానికి అడ్డంగా పోతే ఒక పాట పాడుకునేంత సేపు.

బొందలగడ్డ చేరేసరికి ఎండ తిరిగింది. గొయ్యి తవ్వి ఉంచారు, అడుగున నీరు ఊరింది. భర్త పక్కనే ఆమెను దించారు. ఆసామి రాలేదు, కానీ తన కంచె లోపల నిలబడి చివరిదాకా చూశాడు. ఎండకు తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. అతన్ని ఏమనుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం ఆటో ఎక్కబోతుంటే మార్తమ్మ వచ్చింది. తడి చీర మార్చుకోలేదు. పొలంలో దావ గీస్తారు గదా అని అడిగింది. గీస్తానని, కంచె అడ్డం వచ్చినచోట కంచె కూడా పెడతానని, దున్నినా అది ప్రతి ఏడూ మళ్ళీ పడే దారేనని, తీయవద్దని కింద రాస్తానని చెప్పాను. ఆమె తల ఊపింది. వెళ్ళబోయి మళ్ళీ వెనక్కి తిరిగింది.

"ఈ పొద్దు మేము వంకలో పోయినాము సూడు, అది మాత్రం గీయాకండి మేడం. అది సూపిచ్చి, మీకు ఆడొక దావ ఉండాది గదా అంటారు."

నాకు ఆ ఆలోచనే రాలేదు. ఇంతసేపూ ఫోను నమోదు చేస్తూనే ఉంది. పల్లె నుంచి కంచె దాకా, కంచె నుంచి మోరీ దాకా, మోరీ నుంచి వంక పొడుగునా బొందలగడ్డ దాకా వంకరటింకర గీత స్పష్టంగా పడింది. నడిచి తెచ్చిన గీత, ఫ్యాను కింద గీసింది కాదు. మా లెక్కలో దానంత నికార్సయిన సరుకు లేదు.

ఎమ్మిగనూరులో సంచి తీసుకుని, బస్టాండులో రబ్బరు చెప్పులు కొనుక్కుని, ఆఖరి బస్సుకు ముందు బస్సులో ఆదోని వచ్చాను. ఎవరైనా ఆ వైపు వెళ్ళి ఈ పని చేయదలిస్తే కొన్ని మాటలు చెప్పగలను. వానాకాలంలో వెళ్ళకండి, చెప్పులకు పట్టీ ఉండాలి, జొన్నరొట్టె పెడితే కాదనకండి. ముఖ్యంగా, ఫొటోలో లేదని ఏ దారినీ తీసేయకండి. అక్కడ నడిచేవాళ్ళను అడగండి. విశాఖపట్నం అతనికి అంతా వివరంగా రాశాను. చాలాసేపటికి జవాబు వచ్చింది. ఈసారి నవ్వుముఖం లేదు.

రైలు ఆదోని దాటాక పొలంలో దావ గీశాను. వంకలో బండలున్న చోట దాటే గుర్తు పెట్టాను, కంచె పెట్టాను, రాయాల్సింది రాశాను. తర్వాత వంకలో నడిచిన గీతను తెరిచాను. పెట్టె ఒరిగిన చోట గీత కొంచెం చిక్కుపడి ఉంది, మేమంతా అక్కడే తచ్చాడాం కదా. నా కళ్ళతో చూసి, నా కాళ్ళతో నడిచిన దాన్ని పటంలో పెట్టకుండా ఉండటం నాకు ఇదే మొదలు. చెరిపేయమంటారా అని ఫోను అడిగింది. అవునన్నాను. ఊరి పేరు ఇక్కడ రాయకపోవడం కూడా అందుకే.