నల్లబడ్డ పున్నమి

నల్ల స్కెచ్ పెన్ను మూత తీయగానే వచ్చే ఘాటు వాసన తగిలితే ఇప్పటికీ ఆ పెన్ను ఏం గీస్తోందో తొంగి చూస్తాను. మొన్న ఈ అరవ దేశంలో, పీలమేడులోని మా ఇంట్లో మనవరాలు భోజనాల బల్ల మీద పెద్ద కాగితం పరుచుకుని, నా మోకాలి ఆపరేషన్‌కు ఏ ఆసుపత్రి మంచిదో పట్టిక గీస్తోంది. ఎడమ పక్కన ఆసుపత్రుల పేర్లు, పై వరసలో డాక్టరు, నర్సులు, శుభ్రం, దూరం. ఒక్కో గడిలో ఒక్కో సున్నా. కొన్ని నిండుగా, కొన్ని సగం, కొన్ని ఖాళీగా ఉన్నాయి. "నిండు సున్నా అంటే ఏంది కణ్ణూ?" అని అడిగాను. "చూస్తేనే తెలుస్తుంది గదా అవ్వా" అంది. చూస్తేనే తెలుస్తుందని నేనూ ఒకసారి అనుకున్నాను. ఆ అనుకోవడం వల్ల ఒక మనిషి బతుకు వీధిన పడబోయింది. ఆ రోజు నుంచి పెద్దమ్మ నాలో ఉండిపోయింది.

అందరం పెద్దమ్మ అని పిలిచే ఆమె అసలు పేరు రంగనాయకమ్మ. తుడియలూరులో పంపులు చేసే చిన్న వర్క్‌షాపు ఆమెది. మోటార్లకు రాగితీగ చుట్టే పనిలో నేను కొత్త పెళ్లికూతురిగా చేరాను. అయిదో తరగతి దాకా అరవంలో చదివినదాన్ని. ఈ తెలుగు అక్షరాలు తర్వాత మా మామగారి దగ్గర దిద్దుకున్నవి. పెద్దమ్మకు ఆ అయిదు కూడా లేవు. అయినా ఏ ఫౌండ్రీ పోతపోసిన పంపు డొల్ల, అంటే పైన బిగించే ఇనప తొడుగు, గట్టిది, ఏది చెప్పిన రోజుకు వస్తుంది, ఏది ఇసుక చిల్లులతో వస్తుంది, అన్నీ ఆమెకు నోటి మీదే ఉండేవి. మాకు కూడా తెలియాలని నల్లబల్ల మీద ఫౌండ్రీకి నాలుగేసి గడులు గీయించి, తనే సుద్దముక్కతో ఒక్కో గడిలో ఒక్కో సున్నా చుట్టేది. లోపలంతా సుద్ద పూస్తే పున్నమి, అంటే మంచిది. సగం పూస్తే అర చందమామ. లోపల పూయక చుట్టూ ఉత్త గీతే మిగిలితే అమాస, అంటే వద్దు. అరవం చదివినవాళ్లం, అసలు చదవనివాళ్లం అందరం ఆకాశం చూసినట్టు ఆ బల్లను చూసేవాళ్లం.

ఆ ఏడు ఆయుధ పూజకు షెడ్డుకంతా సున్నం వేయించారు. నల్లబల్లకు కూడా కొత్తగా రంగు పూయాలి. "నీది ముగ్గు చెయ్యి అమ్మణీ. బల్ల మీద ఉండేది ఉన్నట్టే కాగితం మీదికి ఎత్తు" అంది పెద్దమ్మ నాతో. నల్ల స్కెచ్ పెన్నుతో ఒక్క గీత వంకర పోకుండా ఎత్తాను. మరునాడు ఆమె మొక్కు తీర్చుకోవడానికి కారమడై గుడికి వెళ్లింది. ఆ వారమే పనిలో చేరిన ఫోర్‌మన్ వరదన్న నా కాగితం చూసి డొల్లలకు ఆర్డరు చెప్పాడు. పాత బల్లను అతను చూసి ఎరగడు. పున్నమి మంచిది, అమాస చెడ్డది అని మాత్రం ఎవరో చెప్పి ఉన్నారు.

డొల్లలు వచ్చాయి. పంపు బిగించి నీళ్ల తొట్టిలో పరీక్ష పెడితే ఇనుముకు చెమట పట్టినట్టు పక్కల నుంచి నీళ్లు ఊరాయి. పెద్దమ్మ తడి వేలితో డొల్ల మీది ఫౌండ్రీ ముద్రను తుడిచి చూసింది. ఆ ఫౌండ్రీలో వరదన్న బావమరిది మేస్త్రీ అని అక్కడ అందరికీ తెలుసు.

"ఏం వరదా, వీళ్లకు ఎందుకు చెప్తివి?"

"మీ కాగితం చూసే చెప్తిని పెద్దమ్మా. నాలుగు గడుల్లోనూ పున్నమే ఉండాది."

"నాలుగు గడుల్లోనూ అమాస ఉండాది. కండ్లు కనపడలేదా, లేకుంటే బావమరిది మొగం చూసి మూసుకుంటివా?"

లేత్ మిషను ఆగిపోయింది. "సత్తియంగా పున్నమే పెద్దమ్మా" అన్నాడు. ఆమె గొంతు పెంచలేదు. "సాయంత్రం లోపల నీ సామాను తీసుకుని పో."

తుడియలూరు సందుల్లో ఒక షెడ్డులో పడిన మాట టీ చల్లారే లోపల పది షెడ్లకు పోతుంది. ఇంక అతనికి ఆ చుట్టుపక్కల ఎవరూ పని ఇవ్వరు. వరదన్న కాగితం తెచ్చి పని బల్ల మీద పరిచాడు. అతని వేలు ఒక సున్నా మీద, ఆమె వేలు ఇంకో సున్నా మీద ఉన్నాయి. ఇద్దరూ "ఇదిగో పున్నమి" అనే అంటున్నారు. నేను తీగ చుట్టడం ఆపి ఆ రెండు సున్నాలనూ చూశాను. సుద్దతో పూస్తే తెల్లగా నిండే పున్నమి, నా పెన్ను కింద నల్లటి అమాస అయింది. ఉత్త గీతగా మిగిలిన అమాస, తెల్లకాగితం మీద పున్నమిలా మెరుస్తోంది.

చెప్తే, సామాను సర్దుకోవాల్సింది నేను. మా ఆయన మిల్లు మూతపడి అప్పటికి మూడు నెలలు. వరదన్న తన టిఫిను డబ్బా కోసం వంగాడు. అప్పుడు లేచాను.

"పెద్దమ్మా, పున్నమిని నల్లగా చేసింది నేను."

ఆమె నన్ను చూసింది, కాగితాన్ని చూసింది. టీ తెచ్చిన చెల్లమ్మాళ్‌ను పిలిచింది. "ఇందులో పున్నమి యాది, చూపించు." చెల్లమ్మాళ్ కెటిల్ దించకుండానే ఖాళీ సున్నా మీద వేలు పెట్టింది. "ఇదే గదా. తెల్లంగా ఉండాది."

పెద్దమ్మ ఆ వేలి కింది సున్నాను చూసింది. తర్వాత వరదన్న చేతిలోంచి డబ్బా తీసుకుని ఉన్నచోటే పెట్టింది. "అందరి ముందర నిన్ను అంటిని. అందరి ముందరే చెప్తా ఉండాను, తప్పు నాది. ఏ గుర్తు ఏందో కింద రాయించకపోతిని." నా వైపు తిరిగి, "ఇంత అందమైన చేత్తో ఎంత పని చేస్తివే" అంది. నేను మళ్లీ తీగ చుట్టడానికి కూర్చున్నాను.

డొల్లలు వెనక్కి పోయాయి. వరదన్న నెల దాకా ఆమెతో ముఖం ఇచ్చి మాట్లాడలేదు. మాట్లాడమని ఆమె అడగలేదు. అతని టీ గ్లాసు మాత్రం రోజూ తనే తెచ్చి ఇచ్చేది. నా కాగితాన్ని చింపకుండా నల్లబల్ల పక్కనే అతికించింది. పనిలో చేరిన ప్రతి మనిషినీ ముందు దాని దగ్గరికి తీసుకుపోయి పున్నమి యాదని అడిగేది. వాళ్లు ఖాళీ సున్నాను చూపిస్తే, ఎవరికైనా అలాగే తోస్తుందన్నట్టు ఆమె వరదన్న వైపొకసారి, నా వైపొకసారి చూసేది. ఆ చూపుతో మా ఇద్దరి తలలూ కొంచెం లేచేవి.

మొన్న మనవరాలితో నేను వాదించలేదు. అంట్లు తోముతున్న సెల్విని పిలిచి, ఇందులో మంచి ఆసుపత్రి ఏదో చూపించమన్నాను. చెయ్యి తుడుచుకుని, అన్నీ ఖాళీ సున్నాలున్న వరస మీద వేలు పెట్టింది. "ఇదే గదమ్మా. ఒక్క మచ్చ కూడా లేదు."

మనవరాలు అన్నిటికంటే చెడ్డదని గుర్తుపెట్టిన ఆసుపత్రి అది. తను నా మోకాలి వైపు చూసింది. ఏ సున్నాకు ఏం అర్థమో పట్టిక కింద రాయడానికి పెన్ను మూత మళ్లీ తీసింది.