కదలని నేల మీద కండక్టరు

రైట్ రైట్ తాతయ్య కింద పడ్డాడంటే వీధిలో ఒక్కరూ నమ్మలేదు. నమ్మకపోవడంలో వాళ్ల తప్పేం లేదు. ముప్పై నాలుగేళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసిన మనిషాయన. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో టికెట్ల కట్ట, కమ్మీ పట్టుకోవడానికి మూడో చెయ్యి దేవుడివ్వలేదు గనక నిలదొక్కుకునే పనంతా కాళ్లకే అప్పగించాడు. రిటైరై పదమూడేళ్లయింది. డెబ్బై ఒకటో ఏట కూడా మెట్లెక్కితే ఆయాసం లేదు, షుగర్ లేదు, మోకాళ్ల నొప్పి లేదు. పళ్లు కూడా సగం లేవనుకోండి, అది వేరే సంగతి.

అలాంటివాడు ఎక్కడ పడ్డాడు? వానలో కాదు, మెట్ల మీద కాదు. సొంత వంటింట్లో, పొడిగా ఉన్న నేల మీద, చేతిలో టీ గ్లాసుతో సహా వెల్లకిలా పడ్డాడు.

ఎందుకో వింటే నవ్వొస్తుంది. వాళ్లది మొదటి అంతస్తు, కిటికీ కిందే బస్టాపు. ఆ పొద్దున ఎవడో డ్రైవరు కిర్రుమని బ్రేకేశాడు. ఆ చప్పుడు చెవిన పడిందో లేదో, తాతయ్య ఒళ్లు పాత అలవాటు కొద్దీ వెనక్కి వాలింది. బ్రేకు పడితే జనం ముందుకు తూలుతారు, కండక్టరు మాత్రం ముందే వెనక్కి వాలి నిలబడతాడు. బస్సులో అయితే అది పనితనం. వంటింట్లో బస్సు లేదాయె!

మోచెయ్యి గీసుకుపోయింది. ఎముకకేమీ కాలేదు గానీ కూతురికి గుండె జారినంత పనైంది. పొద్దస్తమానం ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే మనిషి ఆమె, ఆ రోజు ఆఫీసు మానేసి మరీ తీర్పు చెప్పింది.

"ఇక బుధవారాలు కట్ నాన్నా. ఒక్కడివీ గడప దాటడానికి వీల్లేదు."

తాతయ్య మొహం వాడిపోయింది. బుధవారం అంటే అక్క. అదే బస్సు రూట్లో ఆఖరి స్టాపు దగ్గర ఉంటుంది, ఆయనకన్నా ఆరేళ్లు పెద్ద. ఇద్దరూ పార్కు చుట్టూ రెండు చుట్లు నడిచి, బెంచీ మీద కూర్చుని, బంధువులందరినీ పేరుపేరునా తిట్టుకుంటారు. ఆయన ఆరోగ్య రహస్యం అడిగితే నేను ఆ తిట్లే అంటాను.

"అమ్మలూ, అక్క ఎదురుచూస్తుందే."

"వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపీ డాక్టరమ్మ సరేనంటే నేనూ సరే. లేదంటే లేదు."

డాక్టరమ్మ చిన్న వయసుదే గానీ గట్టిది. ఆయన్ని నడిపించింది, కూర్చోబెట్టింది, లేపింది. వంటింటి కథంతా విని పడీ పడీ నవ్వింది.

"మీ కాళ్లు బాగున్నాయి తాతగారూ. కాకపోతే మీ ఒళ్లు ఇంకా డ్యూటీ దిగలేదు. ఇన్నాళ్లూ తూలినా కాళ్లు టక్కున కాసుకునేవి. ఇప్పుడు కాస్త ఆలస్యంగా కాసుకుంటున్నాయి. నెల్లాళ్లు నేర్పుదాం. ఏమీ పట్టుకోకుండా ఒక్కో కాలి మీద పది సెకన్లు నిలబడండి, మీ అక్కగారి దగ్గరికి పంపించేస్తాను."

"పది సెకన్లా! కిక్కిరిసిన బస్సులో గంటలు గంటలు నిలబడ్డాను."

"ఏదీ, నిలబడండి." మూడో సెకనుకే గోడ పట్టుకున్నాడు.

ఆ నెల్లాళ్లూ ఆయన పడ్డ పాట్లు ఆయనకే తెలుసు. పొద్దున, సాయంత్రం కిటికీ పక్కన ఒంటికాలి మీద నిలబడేవాడు. కింద బ్రేకు చప్పుడు వినబడగానే నడుం వెనక్కి పోయేది. "ఓరి నీ బ్రేకు పాడుగాను!" అని డ్రైవరును తిట్టి మళ్లీ మొదలెట్టేవాడు. అక్క ఫోన్లో ఊరుకుంటుందా? "ఒరేయ్, కొంగలు పుట్టుకతోనే చేస్తాయిరా ఆ పని, నీకు నెల కావాలా?" అని ఏడిపించేది. అలా ఏడిపిస్తున్నా, ఆవిడ కూడా పార్కుకు వెళ్లడం మానేసిందని ఆయనకు తెలుసు. తోడు లేనిదే ఆవిడ నడవదు. అందుకే ఒక్క పూట కూడా ఎగ్గొట్టలేదు.

పరీక్ష రోజు రానే వచ్చింది. కుడికాలు పది దాటింది. ఎడమకాలి మీద ఆరు, ఏడు లెక్కపెడుతుండగా క్లినిక్ ముందు రోడ్డు మీద బస్సు కీచుమంది. కూతురు కళ్లు గట్టిగా మూసుకుంది. తాతయ్య భుజం అదిరింది, పాదం మాత్రం కదల్లేదు. పది.

"నువ్వు కూడా ఓసారి నిలబడమ్మా, సరదాగా," అంది డాక్టరమ్మ కూతురితో.

"నేనా? నాకేం, నలభై నాలుగేళ్లే," అంటూ కాలెత్తింది. నాలుగో సెకనుకు తూలి, తండ్రి భుజం పట్టుకుని వేలాడింది. సిగ్గుతో ఆమె మొహం కందిపోయింది. పది లెక్కపెట్టే దాకా ఇంట్లో రోజూ చెయ్యాల్సిందేనని డాక్టరమ్మ చెప్పేసింది. ఆ సాయంత్రం నుంచి తాతయ్య పక్కన నిలబడి నేర్పడం మొదలుపెట్టాడు. ఆయనకు పట్టరాని ఆనందం.

బుధవారం పొద్దున ఆయన బూట్లు వేసుకుంటుంటే కూతురు గుమ్మంలోకి వచ్చింది.

"చీకటి పడకముందే వచ్చెయ్ నాన్నా."

"ఇంకా భయమేనా నీకు?"

"నీ గురించి కాదు. నువ్వు పక్కన లేకుండా కాలెత్తాలంటే నాకే భయంగా ఉంది."

ఇన్నేళ్లలో ఆ పిల్ల అలాంటి మాట అనడం ఆయన వినలేదు. లేసు సగంలో వదిలేసి లేచాడు.

"అయితే ఇప్పుడే ఎత్తు కాలు. నేనున్నాగా."

ఆమె ఎత్తింది. ఆయన చేతులు చాచి, తాకకుండా, లెక్కపెట్టాడు. కింద బస్సు వచ్చి ఆగింది, వెళ్లిపోయింది. తొమ్మిది దాకా నిలబడిందామె. తాతయ్య ఆ తర్వాతి బస్సెక్కాడు.